నీళ్లలోనే ఉండే ఫైబర్ పడవ: అడుగున బొబ్బలు రాకుండా ఏది ఎంచుకోవాలి?

ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 వరకు, 61 రోజులు, యంత్రాలున్న పడవలు సముద్రంలోకి వెళ్లవు. పడవను ఒడ్డుకెక్కించి అడుగు గీకడం, మరమ్మతులు చేయడం, రంగులు వేయడం చాలావరకు ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. ఏడాదంతా జెట్టీ దగ్గర నీళ్లలోనే నిలిపిన ఫైబర్ బోటు యజమానికి మాత్రం ఆ మొదటి రోజే గుండె జారిపోతుంది. నాచు, గుల్లలు గీకి నీళ్లు కొట్టగానే నున్నగా ఉండాల్సిన అడుగంతా పొంగు పోసినట్టు కనిపిస్తుంది. మినపగింజంత బొబ్బలు కొన్ని, రూపాయి బిళ్లంతవి కొన్ని, అరచేయంతది ఒకటో రెండో.

అక్కడి నుంచి సలహాలు మొదలవుతాయి. మంచి రంగు వేస్తే చాలంటారు ఒకరు. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) తప్ప వేరే దారి లేదంటారు ఇంకొకరు. పై పొరంతా చెక్కేసి కొత్తగా మ్యాట్ (గాజు పోగుల పరుపు) వేయాలంటారు మూడోవారు. ముగ్గురూ ఏదో ఒక పడవ విషయంలో నిజమే చెబుతున్నారు. మీ పడవ విషయంలో ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికే ఈ పోలిక. అన్ని పద్ధతులూ చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఏ డబ్బా కొన్నారన్నది రెండో ప్రశ్న, పూత వేసేనాటికి పడవ ఎంత ఎండిందన్నది మొదటి ప్రశ్న.

బొబ్బలో ఏముంది?

కళ్లద్దాలు పెట్టుకుని ఒక బొబ్బను దబ్బనంతో గుచ్చి చూడండి. కళ్లద్దాలు మరిచిపోవద్దు, లోపలి ద్రవం ఒత్తిడితో ఉంటుంది, ముఖం మీదికి చిమ్ముతుంది. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. రెండు వేళ్ల మధ్య రాస్తే నూనెలా జారుతుంది, కాసేపటికి జిగురుగా అంటుకుంటుంది. నీలి లిట్మస్ కాగితం తాకిస్తే ఎర్రబడుతుంది. ఇది పగుళ్లలోంచి దూరిన మామూలు నీరు కాదని అక్కడే తెలిసిపోతుంది.

ఫైబర్ పడవ పైన కనిపించే నున్నటి రంగు పొర జెల్‌కోట్. సాధారణంగా దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ ఉంటుంది. అది నీటిని పూర్తిగా ఆపలేదు, అణువు అణువుగా లోపలికి వదులుతూనే ఉంటుంది. లోపల గాజు పోగులను పట్టి ఉంచే రెజిన్‌లో సరిగా గట్టిపడకుండా మిగిలిపోయిన గ్లైకాల్, ఆమ్లాలు, గాజు మ్యాట్‌ను కట్టి ఉంచే జిగురు ఆ నీటిలో కరుగుతాయి. చిక్కటి ద్రావణం తయారవుతుంది. చిక్కటి ద్రావణం బయటి పలచటి నీటిని ఇంకా లోపలికి లాక్కుంటుంది. బడిలో కిస్మిస్‌ను నీళ్లలో వేసి ఉబ్బడం చూపిస్తూ ద్రవాభిసరణం అని చెప్పిన పాఠం గుర్తుందా? పడవ అడుగున జరిగేదీ అదే. కిస్మిస్ తొక్క సాగుతుంది, జెల్‌కోట్ సాగదు కనుక బొబ్బ కట్టి చివరికి పగులుతుంది.

అదే కిస్మిస్‌ను ఉప్పు కలిపిన నీటిలో వేస్తే అంతగా ఉబ్బదు. ఈ చిన్న విషయంలోనే చాలామంది నమ్మలేని నిజం ఉంది. బొబ్బల విషయంలో సముద్రపు నీటికన్నా మంచినీరే ఎక్కువ ప్రమాదం. గోదావరిలోనో కృష్ణలోనో హుస్సేన్‌సాగర్‌లోనో ఏడాది పొడవునా తేలే ఫైబర్ బోటు, అదే అచ్చులో తయారై కాకినాడ హార్బర్‌లో ఉన్న బోటుకన్నా ముందే బొబ్బలెక్కే అవకాశం ఎక్కువ. నీటి వేడి పెరిగినకొద్దీ ఈ ప్రక్రియ వేగం పుంజుకుంటుంది. మన తీరంలో వేసవి నీరు 29, 30 డిగ్రీలుంటుంది. చలిదేశాల్లో పడవలను శీతాకాలమంతా ఒడ్డున పెట్టేవారి అనుభవాన్ని యథాతథంగా మనకు అన్వయించుకోవడం కుదరదు.

ఒక ధైర్యం కూడా చెప్పాలి. నాలుగు చిన్న బొబ్బలతో పడవ మునగదు. చాలా పడవలకు ఇది పైపొర జబ్బే. లోపలి మ్యాట్ పొరలు విడిపోవడం మొదలైతేనే బలానికి ముప్పు. తట్టి చూస్తే తెలుస్తుంది. చిన్న చెక్క సుత్తితో తడుతూ వెళ్లండి, ఖంగుమనే చోట గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగే చోట పొరలు విడినట్టు.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

ఏటా ఎన్ని నెలలు పడవ నీటిలోనే ఉంటుంది? అది ఉప్పునీరా, మంచినీరా? పడవను ఏ రెజిన్‌తో చేశారు? ఒడ్డున నీడపట్టున నిలపడానికి చోటుందా, ఎన్ని రోజులు? వీటికి జవాబులు మీ దగ్గరే ఉంటాయి. రెజిన్ సంగతి పడవ కట్టినవారిని అడగాలి. వారు ‘జనరల్ పర్పస్’ అంటే అది చవకైన ఆర్థో రకం పాలిస్టర్ రెజిన్ అనుకోండి. ‘ఐసో’ అంటే కాస్త మెరుగైన పాలిస్టర్. ‘వినైల్ ఎస్టర్’ అంటే నీటిని బాగా తట్టుకునే రెజిన్, మీరు అదృష్టవంతులు.

అసలు కష్టం ఆఖరి ప్రశ్నతో: ఇప్పుడు అడుగు ఎంత తడిగా ఉంది?

తేమ మీటర్లు దొరుకుతాయి. కానీ అవి చూపే అంకె ఎంత శాతం నీరుందో చెప్పేది కాదు, పోల్చుకోవడానికి మాత్రమే. ముందు పడవ పక్కన, ఎప్పుడూ నీటికి పైనే ఉండే భాగంలో పెట్టి ఆ అంకె రాసుకోండి. తర్వాత అడుగున పదిహేను, ఇరవై చోట్ల చూడండి. రాగి ఉన్న నాచునిరోధక రంగు గీకకుండా పెడితే, లోపలి వైపు లోహపు ట్యాంకు ఉన్నచోట పెడితే మీటరు తప్పుడు లెక్క చూపిస్తుంది.

మీటరు లేకపోయినా పని ఆగదు. పారదర్శకమైన పాలిథిన్ ముక్క, అడుగు పొడవు, అడుగు వెడల్పుది, నీడలో ఉన్న చోట నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒక రోజు గడిచాక చూడండి. లోపలి వైపు ముత్యాల్లా నీటి బిందువులు పేరుకుంటే పడవ ఇంకా నీరు వదులుతోందన్నమాట. పది రూపాయలు కూడా కాని ఈ పరీక్ష నాకు ఖరీదైన మీటరంత నమ్మకంగా పనిచేసింది.

మొదటి దారి: పడవను నీటిలో ఉంచకపోవడం

ఉప్పాడ నుంచి భీమిలి దాకా తీరం వెంట వెళ్తే ఇసుక మీద వరసగా ఫైబర్ తెప్పలు కనిపిస్తాయి. వేటకు వెళ్లి రాగానే ఒడ్డుకు లాగేస్తారు. రోజులో సగానికి పైగా ఎండలో ఉండే తెప్పకు బొబ్బల గొడవ చాలా అరుదు. లోపలికి చేరిన కాస్త తేమా మళ్లీ బయటికి పోతుంది. ఇలాంటి తెప్పకు ఖరీదైన ఎపాక్సీ కొనమని నేను చెప్పను. దాని శత్రువు ఇసుక రాపిడి. వెన్ను దగ్గర, వెనుక మడమ దగ్గర జెల్‌కోట్ అరిగి గాజు పోగులు బయటపడితే నీరు ఆ పోగుల వెంటే లోపలికి పాకుతుంది. ఆ డబ్బు అక్కడ అదనపు మ్యాట్ వేయించడానికి ఖర్చు పెట్టండి.

చిన్న స్పీడ్ బోట్లున్నవారు చక్రాల ట్రాలీ మీదనో, జెట్టీ పక్కన లిఫ్టు మీదనో రాత్రిళ్లు పైకెత్తి పెట్టుకోగలిగితే అదే అన్నిటికన్నా నమ్మకమైన రక్షణ. ఒక్క జాగ్రత్త కావాలి. పైకెత్తాక అడుగు బిరడా తీసి లోపలి నీరు వదిలేయాలి. పడవ లోపల నిలిచిన వాననీరు మంచినీరే కదా. లోపలి వైపు సాధారణంగా జెల్‌కోట్ కూడా ఉండదు. బయట ఎన్ని పూతలు వేసినా లోపల మడుగు కట్టి ఉంటే నీరు అటు నుంచి మ్యాట్‌లోకి దిగుతుంది. ఈ మాట ఏ పూత ఎంచుకున్నా వర్తిస్తుంది.

రెండో దారి: రంగు ఒక్కటే

రేవుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఎక్కువ నిరాశ మిగిల్చేదీ ఇదే. మామూలు ఎనామిల్ నీటి కింద నిలవదు, పొరలు పొరలుగా ఊడుతుంది. నాచునిరోధక రంగు చేసే పని వేరు, అది రాగి లాంటి విషాన్ని కొద్దికొద్దిగా వదులుతూ నాచు, గుల్లలు పట్టకుండా చూస్తుంది. ఆ విషం బయటికి రావాలంటే నీరు ఆ పొరలోకి దూరాల్సిందే. అలాంటి పొర నీటిని ఆపుతుందని ఎలా అనుకుంటాం? నాచునిరోధకం అవసరమే, అయితే అది కాపలా పొర పైన వేసేది, దాని బదులు వేసేది కాదు. ఇంకొక మాట. ఒకప్పుడు వాడిన తగరపు సమ్మేళనాల నాచునిరోధకాలను అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది, అది 2008లో అమల్లోకి వచ్చింది. ఎవరైనా పాత సరుకు చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు.

మూడో దారి, నాలుగో దారి: రెండు రకాల ఎపాక్సీలు

అసలు పోటీ ఇక్కడే. ఎపాక్సీ పాలిస్టర్‌కన్నా నీటిని బాగా ఆపుతుంది, పాత పాలిస్టర్ పడవ మీద గట్టిగా పట్టుకుంటుంది. దీని తిరగబడ్డ మాటను మరవొద్దు, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు. బొబ్బ గుంటలను పాలిస్టర్ పుట్టీతో నింపి పైన ఎపాక్సీ వేసే తప్పు, ఎపాక్సీ వేశాక పైన మళ్లీ జెల్‌కోట్ కొట్టే తప్పు చాలాసార్లు చూశాను. గుంటలు కూడా ఎపాక్సీ పుట్టీతోనే నింపాలి.

మొదటి రకం ద్రావకం (పలచబరిచి, ఆరేటప్పుడు ఆవిరైపోయే ద్రవం) కలిసిన బారియర్ పూత, అంటే నీటిని అడ్డుకునే పూత. ఇంటర్నేషనల్ కంపెనీ గెల్‌షీల్డ్ 200, ఇంటర్‌ప్రొటెక్ట్ 2000ఇ ఈ కోవలోవి. రోలరుతో సులువుగా సాగుతుంది, నిట్టనిలువు గోడ మీద కారదు, ఒక పూత మీద ఇంకొకటి అదే రోజు వేయవచ్చు. ఇంటర్‌ప్రొటెక్ట్ లాంటి వాటిలో అభ్రకం రేకులు కలిపి ఉంటాయి. పూత ఆరేటప్పుడు అవి పెంకుల కప్పులో పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని నీటి దారిని మెలికలు తిప్పుతాయి. ఎండాక మొత్తం మందం దాదాపు 250 మైక్రాన్లు (పావు మిల్లీమీటరు) రావాలి, అంటే నాలుగైదు పూతలు.

రెండో రకంలో ద్రావకం ఉండదు. రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ మాత్రమే. బొబ్బలెక్కి బాగుచేసిన పడవకు దాదాపు 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు వేస్తారు. రోలరుతో ఆరేడు పూతలు అవుతాయి. పొరలో ద్రావకం చిక్కుకుపోయే భయం లేదు, నీటిని ఆపడంలో రెండిటిలో ఇదే మేలు. కానీ చేయి తిరిగిన మనిషి కావాలి. చిక్కగా ఉంటుంది, ఎండకు పలచబడి కారుతుంది, ఒక లీటరు ఒకేసారి గిన్నెలో కలిపితే నిమిషాల్లో వేడెక్కి పొగలు కక్కుతూ గడ్డకడుతుంది. కొద్దికొద్దిగా కలిపి వెంటనే వెడల్పు ట్రేలో పోసుకోవాలి. వేడి ప్రదేశాలకని అమ్మే నెమ్మది హార్డ్‌నరే కొనండి. ప్రతి 10 డిగ్రీల వేడికీ చేతిలో ఉన్న సమయం దాదాపు సగమైపోతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట అని డబ్బా మీద రాసి ఉంటే మే నెల మధ్యాహ్నం దానికి పావుగంట కూడా లెక్క పెట్టుకోవద్దు.

తేమ గాలిలో ఈ రకం ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది. ఎసిటోన్‌తో తుడిస్తే పోదు, పరుచుకుంటుంది. మంచినీళ్లు, గరుకు పీచుతో కడిగి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది తర్వాతి పూత వేయాలి. కడగకుండా వేసిన పూత అట్టలా లేచిపోవడం నా చేతుల మీదుగానే జరిగింది. అప్పటి నుంచి తడి గుడ్డ లేనిదే రోలరు పట్టలేదు.

ఎంత కొనాలో లెక్క తేలికే. పడవ నీటిరేఖ పొడవును, వెడల్పు, మునక (నీటిలో మునిగే లోతు) రెండూ కలిపిన మొత్తంతో గుణించండి. మరబోట్లకు సుమారుగా అదే అడుగు వైశాల్యం. 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు మునక ఉంటే 20 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మైక్రాను మందానికి ఒక మిల్లీలీటరు పడుతుంది. 250 మైక్రాన్లకు 5 లీటర్ల గట్టి పదార్థం కావాలి. డబ్బా మీద గట్టి పదార్థం 50 శాతం అని ఉంటే 10 లీటర్లు కొనాలి. ద్రావకం లేని రకంలో 500 మైక్రాన్లకూ అదే 10 లీటర్లు. రోలరులో, ట్రేలో పోయేదానికి పదోవంతు అదనంగా కలుపుకోండి. లీటరు ధరను కాక, ఎండాక మిగిలే మందం ధరను పోల్చాలి. చవక డబ్బా ఒక్కోసారి అక్కడే ఖరీదైనదని తేలుతుంది.

అయిదో దారి: చెక్కి మళ్లీ కట్టడం

అడుగంతా బొబ్బలు, తడితే చాలాచోట్ల డొల్ల మోత. అలాంటి పడవకు పైపూతలు పనికిరావు. జెల్‌కోట్‌ను, దాని కింద చెడిన మ్యాట్‌ను పీలర్‌తోనో గ్రైండర్‌తోనో తీసేసి, కడిగి, ఎండబెట్టి, వినైల్ ఎస్టర్‌తోనో ఎపాక్సీతోనో కొత్త పొరలు వేసి, పైన బారియర్ పూత వేయాలి. ఎపాక్సీతో వేసేవారు మ్యాట్ మీది జిగురు ఎపాక్సీకి సరిపడేదేనా అని అమ్మేవారిని అడగాలి. చాలా మ్యాట్ల జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది. ఖర్చు, కాలం రెండూ ఎక్కువ, గాజు దుమ్ము ఆరోగ్యానికి చేటు. పడవ మిగతా భాగం, ఇంజను బాగుంటేనే దిగండి. పాత పడవ విలువకన్నా ఈ పని ఖర్చు మించిపోయే సందర్భాలు ఎన్నో.

ఆరో దారి: కొత్త పడవ అయితే పుట్టుకలోనే

ఇంకా అచ్చులో పడని పడవ ఉన్నవారు చాలా చవకలో బయటపడతారు. కట్టేవారితో ముందే మాట్లాడుకోండి. జెల్‌కోట్ ఐసో రకం ఉండాలి, అందులో రంగు పొడి అతిగా కలపకూడదు. జెల్‌కోట్ వెనుక మొదటి రెండు పొరలు వినైల్ ఎస్టర్‌తో వేయాలి. ఆ పొరల్లో ఎమల్షన్ జిగురు మ్యాట్ కాక పౌడర్ జిగురు మ్యాట్ వాడాలి. ఖర్చు తగ్గించడానికి రెజిన్‌లో సుద్దపొడి కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అడుగు భాగంలో దానికి ఒప్పుకోవద్దు. మొత్తం పడవకు వినైల్ ఎస్టర్ అక్కర్లేదు, నీటికి తగిలే తొలి పొరలే ముఖ్యం. మ్యాట్ వేసే రోజు వీలైతే దగ్గరుండండి. తెల్లగా పొడిగా మిగిలిన మచ్చ కనిపిస్తే అక్కడ రెజిన్ అందలేదు, గాలి చిక్కింది. రేపటి బొబ్బ అక్కడే పుడుతుంది.

రెజిన్ గట్టిపడాలంటే క్యాటలిస్టు, యాక్సిలరేటర్ సరైన పాళ్లలో పడాలి. ఆ రెండిటినీ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో కలిపాకే రెండోది.

| దారి | నీటిని ఆపడం | ముందు ఎండబెట్టడం | చేతి నేర్పు | ఎవరికి తగినది |
|---|---|---|---|---|
| ఒడ్డున, లిఫ్టు మీద ఉంచడం | అన్నిటికన్నా మేలు | అక్కర్లేదు | మామూలు | తెప్పలు, చిన్న బోట్లు |
| రంగు, నాచునిరోధకం మాత్రమే | దాదాపు లేదు | పైతడి పోతే చాలు | మామూలు | ఈ పనికి ఎవరికీ కాదు |
| ద్రావకం ఉన్న ఎపాక్సీ, 250 మైక్రాన్లు | మంచిది | తప్పనిసరి | మధ్యరకం | బొబ్బలు లేని, లేదా కొద్దిగా ఉన్న బోట్లు |
| ద్రావకం లేని ఎపాక్సీ, 500 మైక్రాన్లు | చాలా మంచిది | తప్పనిసరి | ఎక్కువ | మంచినీటి బోట్లు, బొబ్బలు బాగుచేసినవి |
| చెక్కి మళ్లీ కట్టడం | చాలా మంచిది | వారాలు, నెలలు | నిపుణులే | పొరలు విడిన విలువైన బోట్లు |
| కొత్తది సరైన రెజిన్‌తో | చాలా మంచిది | వర్తించదు | కట్టేవారిది | ఇంకా కట్టని పడవ |

ఎవరు ఏది తీసుకోవాలి

హార్బర్‌లో ఏడాదికి పది నెలలు నిలిపే వేట బోటు, నాలుగైదేళ్ల వయసు, ఒకటీ అరా బొబ్బలు. ఆ కొన్నిటినీ తెరిచి, కడిగి, ఎండబెట్టి, ఎపాక్సీ పుట్టీ పెట్టి మొత్తం అడుగుకు ద్రావకం ఉన్న బారియర్ పూత వేయండి. మీకున్న 61 రోజుల్లో ఇది సరిగ్గా ఇముడుతుంది. ద్రావకం లేని రకం దీనికన్నా మేలే, కానీ మే ఎండలో, అలవాటు లేని చేతులతో వేసిన మేలురకంకన్నా చక్కగా వేసిన మధ్యరకం ఎక్కువకాలం నిలుస్తుందని నేను నమ్ముతాను.

నదిలో, జలాశయంలో తిరిగే పర్యాటక ఫైబర్ బోటు అయితే నా సలహా మారుతుంది. మంచినీరు కనుక ఎక్కువ మందం కావాలి, ద్రావకం లేని రకమే వేయించండి, నేర్పున్నవారిని పెట్టుకోండి. వీరి అసలు ఇబ్బంది కాలం. గోదావరి వరదల్లో బోట్లు ఎలాగూ ఆగుతాయి కదా అప్పుడు చేద్దాం అనుకుంటారు. అవి వానరోజులు, పడవ ఎండదు, ఎపాక్సీ సరిగా గట్టిపడదు. రెండు బోట్లున్నవారు వేసవిలో ఒకదాన్ని ఆపి చేయించి, మరుసటి ఏడాది రెండోదాన్ని చేయించడం మేలు. ఇనుప లాంచీలకు ఈ జబ్బు లేదు, వాటి బాధ తుప్పు.

కొత్తగా కొన్న, ఇంకా నీళ్లు తగలని ఫైబర్ బోటు చేతిలో ఉంటే ఈ క్షణమే బారియర్ పూత వేయించండి. అది ఇంతకన్నా పొడిగా మళ్లీ ఎప్పుడూ ఉండదు. అచ్చు నుంచి వచ్చిన మైనం జెల్‌కోట్ మీద ఉంటుంది. దాన్ని ముందు తగిన ద్రావకంతో పూర్తిగా తుడిచి ఆ తర్వాతే ఎమరీ పట్టాలి. వరస తప్పితే మైనాన్ని గీతల్లోకి కుక్కినట్టే.

ఎండబెట్టడం, వేయడం: మన వాతావరణంలో

గ్లైకాల్ మరగాలంటే దాదాపు 190 డిగ్రీల వేడి కావాలి. ఎండకు అది ఆవిరి కాదు. రెండు నెలలు ఒడ్డున ఊరికే పెట్టినా బొబ్బ గుంటలు జిగటగానే ఉండటానికి కారణం ఇదే. దానికి మందు నీళ్లే, అదీ వేడి మంచినీళ్లు. బొబ్బలన్నీ గ్రైండర్‌తో సాసరు ఆకారంలో తెరిచి, రెండు మూడు రోజులకొకసారి ప్రెషరుతో వేడినీళ్లు కొట్టి, మధ్యలో ఆరనివ్వాలి. గుంటలో లిట్మస్ రంగు మారనంత వరకు, వేలికి జిగట తగలనంత వరకు కడుగుతూనే ఉండాలి. నీటిలోంచి తీసిన పడవకు మళ్లీ నీళ్లా అని పనివారు ఆశ్చర్యపోతారు. ఆ కడగడమే ఎండబెట్టడంలో సగం పని.

నేను మొదటిసారి ఒక 9 మీటర్ల బోటుకు ఈ కడగడం తెలియక మూడు వారాలు ఎండలో పెట్టి ఎపాక్సీ వేయించాను. పైకి పొడిగా ఉంది, పూత అద్దంలా మెరిసింది. మరుసటి ఏప్రిల్‌లో ఒడ్డెక్కించేసరికి సరిగ్గా పాత గుంటల చోటే, పుట్టీతో సహా లేచి ఉంది. లోపలి తేమను, గ్లైకాల్‌ను ఎపాక్సీ మూత కింద నేనే బంధించాను. ఆ యజమాని ఆ ఏడు పెట్టిన ఖర్చంతా వృథా అయింది, అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే 61 రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటి వారం గీకడం, తెరవడం. తర్వాతి అయిదు వారాలు కడగడం, ఆరబెట్టడం. ఆఖరున పుట్టీకి, పూతలకు ఓ వారం, గట్టిపడటానికి కనీసం ఇంకో వారం. పాలిథిన్ పరీక్షలో ఇంకా బిందువులు వస్తుంటే ఆ ఏడు పూత వేయకండి. గుంటలను ఎపాక్సీ పుట్టీతో పూడ్చి, నాచునిరోధకం కొట్టి వేటకు పంపండి, వచ్చే ఏప్రిల్‌కు ఇంకా ముందే సిద్ధంకండి. తడి మీద వేసే పూతకన్నా వాయిదా మేలు.

వేసే రోజు గంటలు కూడా చూసుకోవాలి. తీరంలో తెల్లవారుజామున పడవ మీద మంచు పడి ఉంటుంది. అడుగు వేడి, గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే పూత మొదలుపెట్టాలి. ఎండ నేరుగా కాల్చిన చోట వేస్తే లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేస్తాయి. నీడ పందిరి కింద ఉదయం తొమ్మిదిన్నర, పది నుంచి మధ్యాహ్నం రెండు మూడు గంటల వరకే నేను పూతలు వేయిస్తాను. ఆ తర్వాత వేసిన పొర గట్టిపడకముందే రాత్రి తేమ దిగుతుంది.

నాచునిరోధకం మొదటి పూతకు అదును ముఖ్యం. ఎపాక్సీ ఆఖరి పూత మీద బొటనవేలు నొక్కితే ముద్ర పడాలి, వేలికి రంగు అంటకూడదు. అప్పుడే వేయాలి. ఆ అదును దాటి గట్టిపడితే మొత్తం మళ్లీ ఎమరీ పట్టాల్సిందే. చేతికి గ్లవ్స్, ముక్కుకు సరైన మాస్కు లేకుండా ఎవరినీ దింపవద్దు. ఎపాక్సీ చర్మానికి ఒక్కసారి పడకపోవడం మొదలైతే ఆ మనిషి జీవితాంతం ఆ పని చేయలేడు.

పాత బోటు కొనేవారికి

ఒడ్డున నెలల తరబడి ఉన్న బోటును చూసి అడుగు నున్నగా ఉందని సంతోషపడకండి. బొబ్బలు ఆరేకొద్దీ కుంగి చర్మంలో కలిసిపోతాయి. నీటిలో ఉన్న బోటునే బేరమాడి, మీ ఎదుటే పైకెత్తించమని అడగండి. గీకి కడిగిన గంటలోపు, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, చెంపను పడవకు ఆనించి అడుగు వెంట చూడండి. ఎదురుగా చూస్తే కనిపించని ఉబ్బులన్నీ నీడలు వేస్తాయి. కనిపించిన ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో గీసి, పక్కన తేదీ రాసి, ఫోనుతో ఫొటో తీసుకోండి. నాలుగు రోజుల తర్వాత బేరం ముగించడానికి వెళ్లేసరికి బొబ్బలు అణిగిపోయి ఉండవచ్చు, సుద్ద గీతలు మాత్రం అక్కడే ఉంటాయి.